నాన్న సైకిలుకు పెడల్ అసిస్ట్ సర్దుబాటు: ప్రాజెక్టు డైరీ

జూన్ 8, 2025, ఆదివారం

మా పాత సైకిలుకు పెడల్ అసిస్ట్, అంటే తొక్కుతున్నప్పుడు మాత్రమే సాయం చేసే మోటారు, బిగించి పది రోజులైంది. సైకిలు కదులుతోంది కానీ, కదలవలసిన తీరులో కదలడం లేదు. ఎవరి కోసం ఇదంతా మొదలుపెట్టానో ఆయనకే అది నచ్చలేదు కనుక, ఈ రోజు నుంచి చేసిన మార్పులన్నీ తేదీల వారీగా రాసుకోవాలని నిశ్చయించాను.

మా నాన్న హిందూపురం చుట్టుపక్కల బడులలో ముప్ఫై ఏళ్ళు పంతులుగా పనిచేశారు; ఆ ముప్ఫై ఏళ్ళూ సైకిలు మీదే తిరిగారు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక సైకిలు మానేసి, బెంగళూరులో మా ఇంటికి వచ్చాక పూర్తిగా ఇంటిపట్టునే ఉండిపోయారు. మోకాలి మీద ఎక్కువ బరువు పడకుండా రోజూ కొంతసేపు తొక్కితే మంచిదేనని డాక్టరు చెప్పడంతో, మేడ మీద తుప్పు పడుతున్న నా కాలేజీ నాటి సైకిలును కిందికి దించాను. 26 అంగుళాల చక్రాలు, ఇనుప ఫ్రేము, గేర్లు లేని ఒకటే ఫ్రీవీలు (వెనక చక్రానికి ఉండే పళ్ళచక్రం). వెనక చక్రం జోలికి పోకుండా ముందు చక్రంలో 250 వాట్ల గేరు హబ్ మోటారు (చక్రం మధ్యలోనే ఇమిడి ఉండేది), క్యారియర్ మీద 36 వోల్టుల 10 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, సీటు కింద సంచీలో మోటారుకు కరెంటును అదుపు చేసి అందించే 15 ఆంపియర్ల కేటీ రకం కంట్రోలరు, హ్యాండిలు మీద చిన్న డిస్‌ప్లే, పెడల్ ఇరుసుకు ఎనిమిది అయస్కాంతాలున్న చక్రం, దాని ఎదుట సెన్సరు అమర్చాను. ముందు ఫోర్కులో మోటారు ఇరుసు తిరిగిపోకుండా రెండు వైపులా టార్క్ ఆర్ములు వేశాను. అవి లేకుండా ముందు హబ్ మోటారుతో రోడ్డెక్కడం పళ్ళు రాలగొట్టుకోవడానికి చేసుకున్న ఏర్పాటే. బ్రేకు పట్టగానే మోటారు ఆగిపోయే స్విచ్చులున్న లీవర్లు కూడా మొదటే బిగించాను. చేతితో తిప్పే థ్రాటిల్ మాత్రం కావాలనే తగిలించలేదు, ఎందుకంటే ఆయన తొక్కాలన్నదే ఇక్కడ అసలు ఉద్దేశం.

ఈ ఉదయం బీటీఎం రెండో స్టేజీలో మడివాళ చెరువు పక్క రోడ్డు మీద నాన్న మొదటిసారి తొక్కారు. దాదాపు అర చుట్టు తిప్పేదాకా మోటారులో ఉలుకూ పలుకూ లేదు; ఆ తరువాత ఒక్క ఊపున లాగింది; ఆయన కంగారుపడి తొక్కడం ఆపినా ఇంకో సెకను లాగుతూనే ఉంది. దిగి, స్టాండు వేసి, "ఏమిరా, ఇది నేను తొక్కితే పోతాందా, ఇది పోతాంది గదా అని నేను తొక్కల్లనా?" అని అడిగారు. సాంకేతికంగా ఇంతకంటె సూటిగా ఫిర్యాదు రాయడం నా వల్ల కాదు. మోటారు పాదం వెనక నడవాలి, పాదం మోటారును తరమకూడదు. సర్దవలసింది ఇదే.

జూన్ 14, శనివారం

పెడల్ అసిస్ట్ సెన్సర్లలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. మొదటిది పెడల్ మీద పడే బలాన్ని కొలుస్తుంది. గట్టిగా తొక్కితే మోటారు కూడా గట్టిగా సాయం చేస్తుంది. 1993లో జపానులో యమహా సంస్థ విడుదల చేసిన పెడల్ అసిస్ట్ సైకిలు ఈ పద్ధతిలోనే పనిచేసింది. రెండోది పెడల్ తిరుగుతోందా లేదా అన్నది మాత్రమే చూస్తుంది. మా కిట్టులో ఉన్నది ఈ రెండో రకం. ఇరుసుతో పాటు తిరిగే చక్రంలోని అయస్కాంతాలు సెన్సరు ఎదుటి నుంచి దాటినప్పుడల్లా లోపలి హాల్ ఐసీ (అయస్కాంతాన్ని పసిగట్టే చిప్పు) ఒక పల్సును కంట్రోలరుకు పంపుతుంది. ఎడ్విన్ హాల్ 1879లో గమనించిన ప్రభావమే ఇది. నాన్న ఎంత బలంతో తొక్కుతున్నారో ఈ సెన్సరుకు ఎప్పటికీ తెలియదు. కాలు కదులుతోందన్న కబురు తప్ప మరేదీ దాని దగ్గర ఉండదు. బలం కొలిచే సెన్సరు కొనాలంటే ఇరుసు మొత్తం మార్చాలి, ఖర్చు కూడా చాలా ఎక్కువ. కాబట్టి ఉన్న సెన్సరుతోనే ఎంతవరకు పోవచ్చో చూడాలనుకున్నాను.

సెట్టింగుల జోలికి పోయే ముందు, ఆ కబురైనా సరిగ్గా అందుతోందో లేదో చూడడం న్యాయం. ముందు చక్రాన్ని నేలకు తగలకుండా ఎత్తి కట్టి, మల్టీమీటరు పట్టుకుని కూర్చున్నాను. సెన్సరు నుంచి వచ్చే మూడు తీగలలో ఎరుపు, నలుపు తీగల మధ్య 5 వోల్టులకు కాస్త తక్కువగా సరఫరా సరిగానే ఉంది. మూడో తీగ సిగ్నలుది. పెడల్‌ను చేత్తో మెల్లగా ముందుకు తిప్పుతుంటే ఆ తీగ మీద వోల్టేజి పైకీ సున్నాకూ మారుతూ ఉండాలి. ఎనిమిది అయస్కాంతాలకు ఒక చుట్టులో ఎనిమిది సార్లు మారాలి. నేను నాలుగు చుట్లు లెక్కపెట్టాను. మొదటి చుట్టులో ఎనిమిది, రెండో చుట్టులో ఆరు, మూడో చుట్టులో ఏడు, నాలుగో చుట్టులో మళ్ళీ ఆరు వచ్చాయి. ప్రతిసారీ కుడి పెడల్ వెనక్కి వచ్చినప్పుడే పల్సులు ఎగిరిపోతున్నాయి.

ఇది చూసి నాకు సంతోషమే కలిగింది. ఎప్పుడో ఒకసారి వచ్చే తప్పును పట్టుకోవడం కష్టం. చుట్టులో ఒకే చోట వచ్చే తప్పు యాంత్రికమైనదే అయి ఉంటుంది.

జూన్ 15, ఆదివారం

ఇరుసును చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపితే కంటికి కనిపించేంత ఆట (వదులు) ఉంది. అయస్కాంతాల చక్రానికీ సెన్సరు ముఖానికీ మధ్య దూరం ఒక వైపు 3 మిల్లీమీటర్లు ఉంటే, పెడల్ అర చుట్టు తిరిగేసరికి 6 దాకా పోతోంది. అంత దూరంలో అయస్కాంత క్షేత్రం హాల్ ఐసీని మేల్కొలపడానికి చాలడం లేదు. పైగా, కాలు బలంగా నొక్కినప్పుడు ఇరుసు ఇంకాస్త ఒరుగుతుంది కనుక, మిట్ట మీద సాయం అవసరమైనప్పుడే పల్సులు ఎక్కువగా పోతాయి. నాన్న తొక్కినప్పుడు మోటారు మొదట ఉలకకుండా తరువాత ఒక్కసారిగా లాగడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం.

తప్పు కిట్టుది కాదు, నాదే. పదిహేనేళ్ళ నాటి ఇరుసును విప్పి చూడకుండానే, క్రాంకు (పెడల్‌ను ఇరుసుకు కలిపే కడ్డీ) తీసే శ్రమ ఎందుకని రెండు ముక్కలుగా విడిపోయే అయస్కాంత చక్రాన్ని తెచ్చి ఇరుసు మీద క్లిప్పులా వేసేశాను. మా సైకిలుది కాటరు పిన్నుతో బిగించే పాతకాలపు క్రాంకు. ఆ పిన్ను సుత్తి దెబ్బలకు వంగిందే కానీ బయటికి రాలేదు. చివరికి సైకిలును తావరెకెరె మెయిన్ రోడ్డు వైపున్న ఒక సైకిలు దుకాణానికి నడిపించుకుపోయాను. ఆ మేస్త్రీది మదనపల్లె. "అన్నా, ఈ పిన్ను రావడం లేదు" అంటే, ఆయన పిన్ను మీద నట్టును సగం తిప్పి ఉంచి, క్రాంకు కింద ఇనుప దిమ్మె ఆనించి, ఒకే దెబ్బ వేశాడు. నట్టు ఉంచితే మర చెడదనీ, కింద దిమ్మె లేకపోతే దెబ్బ బలమంతా బేరింగు గుండ్లకే పోతుందనీ ఆయన చెప్పిన రెండు మాటలు నా రెండు గంటల శ్రమకంటె విలువైనవి.

లోపల గ్రీజు గట్టిపడి మట్టిలా ఉంది. గుండ్లు కొన్ని అరిగి చిన్నవయ్యాయి, ఎడమ వైపు కప్పులో గాడి పడింది. రెండు వైపులా కొత్త గుండ్లు, కొత్త కప్పు, కొత్త కాటరు పిన్నులు వేయించి, ఆట పోయేదాకా కప్పు బిగించి, తిప్పడానికి బరువు రాకుండా ఒక పిసరు వదులు చేసి, లాక్ రింగు వేశాం. ఇంటికి వచ్చాక అయస్కాంత చక్రం వెనక పలుచని వాషరు ఒకటి పెట్టి సెన్సరు దూరాన్ని చుట్టు పొడుగునా 3 మిల్లీమీటర్లకు తెచ్చాను. చక్రం మీద బాణం గుర్తు తొక్కే దిశకే ఉందని మళ్ళీ సరిచూసుకున్నాను; దాన్ని తిరగేసి వేస్తే తొక్కినప్పుడు ఊరుకుని, వెనక్కి తిప్పినప్పుడు మోటారు కదిలే ప్రమాదం ఉంది. పది చుట్లకు ఎనభై పల్సులు వచ్చాయి, ఒక్కటీ పోలేదు.

జూన్ 22, ఆదివారం

కబురు సరిగ్గా అందుతోంది. ఇప్పుడు కంట్రోలరు దానితో ఏం చేస్తుందో చూడాలి.

బ్యాటరీకీ కంట్రోలరుకూ మధ్య వాట్ మీటరు తగిలించి, నేనే తొక్కుతూ ఒక్కో లెవెల్లో (డిస్‌ప్లే బటనుతో ఎంచుకునే ఐదు సాయం మెట్లలో) కరెంటు గమనించాను. రెండో లెవెల్లో నిలబడ్డ సైకిలును కదిలిస్తే మీటరు 14 ఆంపియర్ల దాకా ఎగిరి, వేగం 17 కి.మీ.కు చేరగానే ఒకటిన్నరకు పడిపోయింది. మూడో లెవెల్లోనూ మొదట అదే ఎగురుడు, కాకపోతే పడిపోవడం ఇంకా పై వేగం దగ్గర జరిగింది. అంటే ఈ అమరికలో లెవెలు అన్నది బలానికి గుర్తు కాదు, వేగానికి గుర్తు. ఆ వేగం చేరేదాకా కంట్రోలరు తన శక్తినంతా ధారపోస్తుంది. తడి రోడ్డు మీదో ఇసుక మీదో ముందు చక్రం ఇలా లాగితే జారి పడడం ఖాయం.

నాన్న ఫిర్యాదుకు అసలు కారణం ఒక చిన్న గుణకారంలో దొరికింది. మా చైన్‌వీలుకు (పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రానికి) 44 పళ్ళు, ఫ్రీవీలుకు 18. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 2.44 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత దాదాపు 2.07 మీటర్లు కనుక సైకిలు 5 మీటర్ల పైచిలుకు సాగుతుంది. నాన్న నింపాదిగా తొక్కేది నిమిషానికి 40 చుట్లు. అంటే ఆయన కాలి వేగం గంటకు 12 కి.మీ. మోటారు ఆయనను 17 కి.మీ. దగ్గర నిలబెడుతోంది. అక్కడ పెడల్‌కు బలం అందాలంటే నిమిషానికి 56 చుట్లు తొక్కాలి. ఆయన అంత వేగంగా తొక్కరు కాబట్టి ఫ్రీవీలు ఉత్తగా కటకటమంటుంది, కాలు గాలిలో తిరుగుతుంది, అయినా పల్సులు వెళుతూనే ఉంటాయి కనుక మోటారు లాగుతూనే ఉంటుంది. తాను తొక్కడం లేదన్న ఆయన మాట అక్షరాలా నిజం.

ఈ రకం డిస్‌ప్లేలో సెట్టింగులు పీ, సీ అనే రెండు వరుసలుగా ఉంటాయి. పీ3 ను 0 నుంచి 1 కి మార్చాను. అలా చేస్తే లెవెలు వేగాన్ని కాక కరెంటును నిర్ణయిస్తుంది. బలం కొలిచే సెన్సరును కొంతవరకు అనుకరించే పద్ధతి ఇది. మార్చాక నా మీటరు ఒకటి నుంచి ఐదు లెవెళ్ళకు వరుసగా 2, 3, 5, 7.5, 15 ఆంపియర్లకు దగ్గరగా చూపింది. పాత ఎగురుడు లేదు. సాయం ఎంత అవసరమో మాత్రం మళ్ళీ లెక్క కట్టాలి. చదును రోడ్డు మీద నాన్నకు 2 ఆంపియర్లు కూడా ఎక్కువే. అందుకని గరిష్ఠ కరెంటును తగ్గించే సీ5 ను 10 నుంచి 3 కి దించాను. అప్పుడు ఐదో లెవెలు 7.5 కి, ఒకటో లెవెలు ఒక ఆంపియరుకు వచ్చాయి.

వేగ పరిమితి 25 కి.మీ. దగ్గరే ఉంచాను. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం మోటారు అరగంట సామర్థ్యం 250 వాట్లకు లోపు, వేగం 25 కి.మీ.కు లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలకు లోపు ఉంటేనే రిజిస్ట్రేషను అవసరం లేని వాహనం అవుతుంది. నాన్నకు ఆ వేగంతో పని లేదు గానీ, అప్పుడప్పుడు ఈ సైకిలు నేను కూడా తీస్తాను.

జూన్ 24, మంగళవారం

నిన్న సాయంత్రపు వానకు సెన్సరు కనెక్టరులో నీరు చేరి సాయం పూర్తిగా ఆగిపోయింది. ఆరబెట్టి, స్లీవు వేసి, తీగ కనెక్టరు కంటె కిందికి వేలాడేలా మలిచాను. ఇక నీటి చుక్క అక్కడి నుంచే జారిపోతుంది.

జూన్ 29, ఆదివారం

నిన్న ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్.పి. రోడ్డుకు వెళ్ళి మంచి కనెక్టర్లతో పాటు పన్నెండు అయస్కాంతాల సెన్సరు కూడా తెచ్చాను. ఎనిమిది ఉన్న చక్రం పాడైనందుకు కాదు, నాన్న తొక్కే వేగానికి అది చాలనందుకు. నిమిషానికి 40 చుట్ల దగ్గర ఎనిమిది అయస్కాంతాలు 187 మిల్లీసెకన్లకు ఒక పల్సు ఇస్తే, పన్నెండు అయస్కాంతాలు 125 మిల్లీసెకన్లకు ఒకటి ఇస్తాయి. కంట్రోలరు కొన్ని పల్సులు వరుసగా చూస్తే తప్ప మోటారును కదిలించదు. కొంతసేపు పల్సులు రాకపోతే తప్ప ఆపదు. పల్సులు దగ్గరైతే మొదలూ చివరా రెండూ కాలికి దగ్గరవుతాయి. వేగంగా తొక్కే కుర్రవాళ్ళకు ఈ తేడా తెలియదు. ఆగి ఆగి కదిలే పెద్దవాళ్ళకు ప్రతి కూడలిలో తెలుస్తుంది.

సెన్సరు మార్చినప్పుడు దాని రకాన్ని తెలిపే సీ1 ను కూడా తగినట్లు మార్చాలి. నేను అది మరిచిపోయి అరగంట సేపు కొత్త సెన్సరును తిట్టుకున్నాను. మార్చాక ఫోనులో వీడియో తీసి, డిస్‌ప్లే మీద వాట్లు కనబడే, మాయమయ్యే క్షణాలను లెక్కపెట్టాను. మోటారు అందుకోవడానికి ఇంతకుముందు అర చుట్టు పట్టేది. ఇప్పుడు మూడో వంతు చుట్టు పడుతోంది. తొక్కడం ఆపిన తరువాతి లాగుడు 0.9 సెకన్ల నుంచి 0.6 కు తగ్గింది. సాయం తీవ్రతను సర్దే సీ14 ను 2 నుంచి 1 కి దించి చూశాను కానీ, ఇంత తక్కువ కరెంటు దగ్గర నాకు తేడా తెలియలేదు. 1 దగ్గరే వదిలేశాను.

సాయంత్రం నాన్న చెరువు పక్కన మూడు చుట్లు కొట్టి వచ్చారు. "ఇప్పుడు కాలికి బరువు తెలుస్తాంది" అన్నారు. ఒకటో లెవెల్లో 15 కి.మీ. దగ్గర వెళుతున్నారు. అంటే కాలు నిమిషానికి 50 చుట్లు తిరుగుతోంది. ఆయన అలవాటు కంటె ఇది ఎక్కువే అయినా, పెడల్ మీద ఇప్పుడు బరువు ఉంది కాబట్టి ఫ్రీవీలు కటకటలు వినబడలేదు.

జూలై 6, ఆదివారం

ఈ వారం జయదేవ కూడలి దాటి రాగిగుడ్డ దాకా వెళ్ళాలని నాన్న పట్టుబట్టారు. గుడ్డ అంటే కన్నడంలో మన గుట్టే. ఆంజనేయుడి గుడి గుట్ట మీద ఉంది కనుక, మిట్ట ఎక్కకుండా అక్కడికి చేరే దారి లేదు. తెల్లవారి ఆరు గంటలకు, మెట్రో వంతెన కింది రోడ్డు ఇంకా ఖాళీగా ఉండగానే బయలుదేరాం. నేను వెనకే నా సైకిలు మీద ఉన్నాను.

గుడి దగ్గరి సందులో ఆయన ఆగిపోయారు. శక్తి చాలక కాదు. ఒకటో లెవెలు నుంచి ఐదుకు చేరాలంటే బటను నాలుగు సార్లు నొక్కాలి. రెండు సార్లు నొక్కేసరికే వేగం పడిపోయింది. హ్యాండిలు అటూ ఇటూ ఊగుతుంటే మూడో నొక్కుకు వేలు తప్పి లైటు వెలిగింది. సీ5 ను 3 కి దించి కాగితం మీద అందంగా పేర్చుకున్న లెక్కలో ఆయన బొటనవేలికి చోటు ఇవ్వలేదు.

ఫోనును సందు నేల మీద పెట్టి చూస్తే వాలు 4 శాతం దగ్గర ఉంది. నాన్న, సైకిలు, బ్యాటరీ కలిపి 100 కిలోలు. గంటకు 10 కి.మీ. వేగంతో ఎక్కాలంటే బరువును పైకి లాగడానికి 109 వాట్లు, టైర్ల ఒరిపిడికీ గాలికీ మరో 35, మొత్తం 144 వాట్లు కావాలి. ఆయన 60 వాట్లు ఇవ్వగలరనుకుంటే మిగిలిన 84 మోటారు ఇవ్వాలి. ఆ తక్కువ వేగంలో మోటారు తీసుకున్నదానిలో దాదాపు 60 శాతమే చక్రానికి ఇస్తుందనుకుంటే బ్యాటరీ నుంచి 140 వాట్లు, అంటే 4 ఆంపియర్లకు కాస్త తక్కువ పోవాలి. ఆ 4 ఆంపియర్లు రెండే నొక్కుల దూరంలో ఉండాలన్నది కొత్త షరతు. సీ5 ను 5 కి పెడితే గరిష్ఠం 11 ఆంపియర్ల పైన ఉంటుంది. ఒకటో లెవెలు ఒకటిన్నర, రెండు 2.25, మూడు 3.7 అవుతాయి. చదునుకు ఒకటి, మిట్టకు మూడు. నాలుగూ ఐదూ ఆయనకు అక్కరలేదు. గుడి మెట్ల పక్కనే కూర్చుని మార్చేశాను. రెండో ప్రయత్నంలో ఆయన దిగకుండా ఎక్కారు. వేగం 9 కి.మీ. కంటె తగ్గలేదు.

ఇంటికి వచ్చాక బటను పెట్టెను హ్యాండిలు పిడికి రెండు వేళ్ళు దగ్గరగా జరిపి, లైటు బటను మీద చిన్న రబ్బరు రింగు అంటించాను, తడిమితే తెలిసేలా.

జూలై 13, ఆదివారం

వారంలో ఐదు రోజులు నాన్న ఒక్కరే వెళ్ళి వచ్చారు. మొత్తం 61 కి.మీ. అయింది, వాట్ మీటరు 402 వాట్ అవర్లు చూపింది. అంటే కి.మీ.కు ఆరున్నర. మొదట్లో వేగం పద్ధతిలో నేను తొక్కినప్పుడు ఇది పదికి పైగా ఉండేది. మోకాలు నొప్పి పెట్టలేదని చెప్పారు. పిరుదులు నొప్పి పెట్టాయని, సీటు మార్చాలని కూడా చెప్పారు.

ఒకటో లెవెలు ఒకటిన్నర ఆంపియర్లకు పెరిగాక చదునులో 16 కి.మీ. దాటుతోంది. కాలు నిమిషానికి 53 చుట్లు తిరగవలసి వస్తోంది. ఇది కంట్రోలరులో సర్దే విషయం కాదు. పళ్ళ లెక్కలో సర్దాలి. 18 పళ్ళ ఫ్రీవీలు స్థానంలో 16 పళ్ళది వేస్తే అదే వేగానికి 47 చుట్లు చాలు. బదులుగా ఒక్కో తొక్కుడుకు ఎనిమిదో వంతు బలం ఎక్కువ పెట్టాలి, మోకాలు దానికి ఒప్పుకోవాలి. నాన్న ఒకసారి వేసి చూద్దామన్నారు. మదనపల్లె మేస్త్రీ దగ్గర 16 పళ్ళది ఉంది. పాతది పారేయకుండా ఉంచమని ఆయనకు చెప్పి వచ్చాను. వచ్చే ఆదివారం వేయాలి, సీటు కూడా.